జాయింటు ఖాతాకు నిలువుదోపిడి

మా ఆయన మునికుమార్ మంచివాడే. ఆ మంచితనమంతా నా డబ్బుతో చూపిస్తానంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న తిరుమల ఘాట్‌రోడ్డులో ఆయన జీపు బ్రేకులు పట్టక, పక్కనున్న మట్టిగుట్టను తగిలి ఆగింది. ప్రాణం దక్కినందుకు స్వామికి నిలువుదోపిడి మొక్కుకున్నాడు. అంటే ఒంటిమీద ఉన్నదంతా, ఉంగరం మొదలు జేబులో చిల్లర దాకా, హుండీలో వేసెయ్యాలి. మనిషి దక్కాడు, ఉంగరం పోతే పోనీ అని నేనూ సంతోషంగా తలూపాను.

తీరా కొండకు పోయే ముందురోజు పొద్దున్నే ఒక ధర్మసందేహం తెచ్చాడు. ఈ కాలంలో జేబులో నోట్లెవరు పెట్టుకుంటారు, ఫోనే జేబు, కాబట్టి ఫోనులో ఉన్న డబ్బంతా ఒంటిమీద ఉన్నట్టేనట. ఆ ఫోనులో ఉన్నది మా ఇద్దరి జాయింటు ఖాతా! ఆయన జీపు బాడుగలతో పాటు, నేను దోసెపిండి అమ్మి పెద్ద గ్రైండరు కోసం కూడబెట్టిన డబ్బు కూడా అందులోనే ఉంది. చిన్న గ్రైండరుతో కుస్తీ పట్టి నా భుజాలు పడిపోయాయి.

"అది నా పిండి డబ్బు మామా" అన్నాను.

"జాయింటే గదా ప్రశాంతీ. దాంట్లో నీదేంది, నాదేంది?" అని నవ్వుకుంటూ జీపు కడగడానికి పోయాడు.

నేను బ్యాంకుకు పరుగెత్తాను. అక్కడి ఆఫీసరు కృపామణి మేడమ్ నా దగ్గరే పిండి కొంటుంది. ఆ ఖాతాలోంచి ఇద్దరిలో ఎవరైనా సరే, రెండోవాళ్లను అడక్కుండా అంతా తీసుకోవచ్చని చెప్పింది. ఒకరు అప్పు ఎగ్గొడితే ఇద్దరి డబ్బుకూ చిక్కు రావచ్చని కూడా చెప్పింది. నాకు కోపం నషాళానికెక్కింది. ఆ వెంటనే బుర్ర వెలిగింది. ఎవరైనా అంటే నేను కూడా కదా! అప్పటికప్పుడు నా పేరుతో ఖాతా తెరిచి, ఉన్నదంతా ఊడ్చి అందులోకి మార్చేశాను. ఆ కోపంలో ఆయన బాడుగలు వదలాలని కూడా తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం అలిపిరి దగ్గరి పెట్రోలు బంకు నుంచి ఆయన ఫోను. డీజిలు పోయించుకున్నాడు, డబ్బు పోవడం లేదు. కొండమీద గుడిలోకి ఫోను రానివ్వరు కాబట్టి బయట కౌంటర్లోనే ఇచ్చేసి వెళ్లాడట. హుండీ ముందు ఒంటిమీద ఫోనే లేదు. స్వామే మన ఖాతా వద్దన్నాడని తేల్చుకుని, రూపాయి ముట్టకుండా దిగి వచ్చాడు.

అంతా ఊడ్చేసింది నేనేనని ఫోనులోనే చెప్పేశాను. స్కూటీ మీద వెళ్లి చూస్తే, గుండు మీద గంధం, ఉంగరం లేని వేలు, బోసి మెడతో బంకులో నిలబడి ఉన్నాడు.

"సగం స్వామి దోచుకున్నాడు, మిగిలింది నువ్వు దోచినావు. నిలువుదోపిడంటే ఇదిగదా" అని పగలబడి నవ్వాడు. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు, "అడిగుంటే నేనే ఇచ్చుందును గదా."

"మరి నన్ను నువ్వు అడిగినావా?"

గుండు తడుముకున్నాడు. బంకువాళ్లు మా వైపే చూస్తున్నారు.

"ప్రశాంతీ, డీజిలుకు డబ్బులు ఇస్తావా?"

"ఇస్తా మామా. అడిగినావు గదా" అని ఫోను తీశాను.