వదులు చేసిన చోటు

మంగళవారం ఉదయం పదకొండు దాటాక ఎక్స్‌రే వచ్చింది. అమ్మాయి వెన్నెముక వంపు ఆరు నెలల కిందట ముప్పై ఒక్క డిగ్రీలు. ఇప్పుడు ముప్పై తొమ్మిది.

డాక్టరు రెండు ఫోటోలనూ లైటు పెట్టె మీద పక్కపక్కన తగిలించింది. అమ్మాయికి పదమూడేళ్లు. ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయి, ఎదుగుతున్నంత కాలం వంపు పెరగవచ్చు. దాన్ని ఉన్నచోటే ఆపడానికి గట్టి ప్లాస్టిక్ బ్రేసు వేశారు. చంక కింద నుంచి తుంటి దాకా, చొక్కా లోపల, పగలూ రాత్రీ ఉంచుకోవాలి. ఫోటోకి ముందురోజు నుంచి తీసి ఉంచమన్నారు కనక ఆ రోజు బ్రేసు ఇంట్లోనే ఉంది.

"సరిగ్గా వేసుకుంటోందా?" అని డాక్టరు తల్లిని అడిగింది.

"స్నానానికి తప్ప తియ్యదండీ."

"ఒంటి మీద ఎర్ర మచ్చలు పడుతున్నాయా? పక్కటెముకల దగ్గర?"

"మొదట్లో పడేవి. ఇప్పుడు ఒక్కటీ లేదండీ." తల్లి దాన్ని మంచి కబురులాగే చెప్పింది.

డాక్టరు కలం కింద పెట్టింది. అమ్మాయిని వెనక్కి తిప్పి చొక్కా ఎత్తి చూసింది. కుడివైపు పక్కటెముకలు ఎడమవైపు కంటే ఎత్తుగా ఉన్నాయి. చర్మం మీద మచ్చ లేదు.

"బ్రేసు నొక్కుతుంటే మచ్చ పడాలమ్మా. పడలేదంటే నొక్కడం లేదు. అమ్మాయ్, నిజం చెప్పు, నిన్నేమీ అనను. స్కూల్లో తీసేస్తున్నావా?"

"లేదండీ."

"ఇంట్లో?"

"లేదు."

తండ్రి తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. 

డాక్టరు చెప్పినది ఇది. బ్రేసు సరిగ్గా వేసుకుంటే వంపును ఇక్కడ ఆపడానికి ప్రయత్నించవచ్చు. ఆగుతుందని మాట ఇవ్వలేదు. యాభైకి చేరితే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి. లోహపు కడ్డీలు వేసి ఎముకల్ని కలిపేస్తారు. వంపు తగ్గుతుంది, కలిపిన మేరకు వెన్ను వంగదు. ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉండటమూ ఒక దారే, కాని ఈ వయసులో తాను ఆ సలహా ఇవ్వదు. మూడు నెలల్లో మళ్లీ ఫోటో తియ్యాలి. ఈలోగా బ్రేసు తయారు చేసిన మాస్టారుకి ఒకసారి చూపించాలి. ఆయన ఊళ్లో లేడు, మూడు వారాలకు గాని దొరకడు.

తల్లి సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తుంది. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడన్నది ఆమె నమ్మకం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేదాకా అమ్మాయి బస్సు కిటికీలోంచి బయటికి చూసింది.

మర్నాడు తల్లి స్కూలుకు వెళ్లి ఆటల టీచరును పక్కకు పిలిచింది.

"తియ్యడం నేను చూళ్లేదండీ. క్లాసులో పిల్లలు దాని వీపు మీద తలుపు కొట్టినట్టు కొడతారు. 'ఎవరండీ ఇంట్లో' అంటారు. 'ఇంట్లో ఎవరూ లేరు, పొండి' అంటుంది. బ్రేసు లేకపోతే ఆ చప్పుడెక్కడిది?"

"మీరున్నప్పుడు ఉంటుంది. మీరు లేనప్పుడు?"

"నేనున్నంతసేపే చెప్పగలనండీ," అంది టీచరు. తల్లికి ఆ మాటే గుర్తుంది.

బ్రేసు పట్టీలు వీపు వైపు ఉంటాయి. రెండు పూటలా స్నానం అయ్యాక తల్లే బిగిస్తుంది. మూడో రోజు ఉదయం బిగించాక రెండు బకిల్స్‌కీ కలిపి సన్నని దారం చుట్టి, తనకు మాత్రమే తెలిసిన ముడి వేసింది. సాయంత్రం అమ్మాయి స్నానానికి వెళుతూ వీపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"అమ్మా, ఇదేంటి?"

"ఏది?"

"దారం. నాకు టికెట్ కొట్టావా?"

తల్లి దగ్గరికి వచ్చి ముడి చూసింది. వేసింది వేసినట్టే ఉంది.

"తియ్యలేదని చెప్పాను కదా. ఇంకేం చెయ్యను, సీలు వేయించుకోనా?"

"మరి మచ్చలేవే?"

తండ్రి దర్జీ. ముందు గదే ఆయన దుకాణం. ఎక్కువగా కోట్లు కుడతాడు. తల్లి మచ్చల మాట ఎత్తినప్పుడు మిషను చప్పుడు ఆగింది. అమ్మాయి అటు చూసింది.

"ఏమో," అంది.

మిషను మళ్లీ మొదలైంది.

దారం తెగలేదు కనక తల్లి అనుమానం ఇల్లు దాటి బయటికి వెళ్లింది. అందుకు ఆమె తమ్ముడు సాయం చేశాడు.

"పిల్లని అనుమానించే ముందు ఆ డాక్టర్ని అనుమానించక్కా," అన్నాడు ఫోనులో. "కోసేవాళ్లకి ఎవర్ని చూసినా కోతే కనిపిస్తుంది. బావని చూడు, నేనొస్తే నా మొహం చూడడు, నా భుజాల కొలత చూస్తాడు."

"ఆవిడ ఆపరేషన్ చెయ్యమనలేదురా."

"అంటుంది, ఆగు. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. చేతులతో నొక్కి వెన్ను సరిచేస్తాడట. నెల తిరక్కుండా నిటారుగా నిలబెడతాడట. ముందూ తరవాతా ఫోటోలున్నాయి."

"ఎక్స్‌రే ఫోటోలా, నిలబెట్టి తీసిన ఫోటోలా?"

తమ్ముడు కనుక్కుని సాయంత్రం చెప్పాడు. నిలబెట్టి తీసినవే.

"అయితే వద్దు. కోటు తొడిగి మీ బావ కూడా ఎవర్నయినా నిటారుగా చూపిస్తారు."

మరో ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు అవే ఫోటోలు ఇచ్చారు. మొదటి డాక్టరు ఎంత కొలిచిందో చెప్పొద్దని తల్లి దారిలోనే తండ్రీ కూతుళ్లిద్దరినీ హెచ్చరించింది. ఆయన కొలిస్తే ముప్పై ఎనిమిది వచ్చింది. బ్రేసు వేసుకున్నా ఇంత పెరిగిందంటే ఇక దానితో ఆగేది అనుమానమేనని, ఆపరేషన్‌కు మనసు సిద్ధం చేసుకోవడం మంచిదని అన్నాడు. తండ్రి ఒక్క ప్రశ్న అడిగాడు.

"బ్రేసు అంతగా నొక్కకపోయినా పనిచేస్తుందాండీ?"

"నొక్కకపోతే అది చొక్కా అండీ," అన్నాడు డాక్టరు.

ఆ రోజు ఇంటికి వచ్చాక తల్లి చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది. ఒకరు ఆగమంటున్నారు, ఒకరు కొయ్యమంటున్నారు, ఒకరు బ్రేసు వేసుకోలేదంటున్నారు, ఒకరు వేసుకున్నా ఆగలేదంటున్నారు, మధ్యలో తానేం నమ్మాలి అంది. అమ్మాయి నిలబడే వింది.

"ఆపరేషన్ అయితే బ్రేసు ఉండదు కదా?"

"ఉండదు."

"అయితే చేయించెయ్యండి. కడ్డీ లోపలుంటే తీసేశానని ఎవరూ అనరు."

అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

కాసేపటికి తండ్రి అన్నాడు, "బ్రేసు మాస్టారు దగ్గరికి నేనూ వస్తాను." అంతకు ముందు ఆయన అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు.

బ్రేసులు చేసే షెడ్డులో అల్మరా నిండా పిల్లల ఒంటి కొలతకు పోసిన తెల్లటి ప్లాస్టర్ మొండాలు వరసగా ఉన్నాయి. తలలు లేవు, చేతులు లేవు. ఒక్కోటి ఒక్కోవైపు వంగి ఉంది. బ్రేసు మాస్టారు అమ్మాయి బ్రేసును బల్ల మీద తెరిచి, కుడివైపు లోపల వేలు పెట్టాడు. తీసి, మళ్లీ పెట్టాడు. అక్కడ పక్కటెముకల్ని నొక్కే దళసరి స్పాంజి మెత్త ఉండాలి.

"ఈ మెత్తని ఎవరు చెక్కారు?"

బ్రేసు మాస్టారు బ్రేసును వెలుతురు వైపు తిప్పాడు.

"సగానికి పైగా పోయింది. పైన గుడ్డ కూడా వేశారు. అమ్మాయ్, నువ్వా?"

"నేనే," అంది అమ్మాయి. తల్లి కళ్లలోకి సూటిగా చూస్తూ అంది.

బ్రేసు మాస్టారు గుడ్డ అంచును గోటితో లేపాడు. కుట్టు పైకి కనబడటం లేదు.

"ఈ కుట్టు నువ్వే వేశావా?"

"నేను వేశానండీ," అన్నాడు తండ్రి. "చెక్కింది కూడా నేనే. పిల్లకేం సంబంధం లేదు."

"ఎందుకు?"

"పెట్టిన కొత్తలో ఎర్రగా కందిపోయింది. పక్క మీద ఒత్తిగిల్లలేకపోయేది. పట్టేసిన చోట వదులు చెయ్యడమే నాకు తెలిసిన పని."

"నన్ను అడగొచ్చు కదా మాస్టారూ," అన్నాడు బ్రేసు మాస్టారు.

"మీ కొలత తప్పిందనుకున్నాను. ఒకరి చేతి పనిలో తేడా వస్తే మాలో మేం మొహం మీద చెప్పుకోం. చెప్పకుండా సరిచేసి ఇచ్చేస్తాం."

"నా కొలత తప్పలేదు. అక్కడ కావాలనే బిగువు పెట్టాను."

తండ్రి తల ఊపాడు. తల్లి బల్ల అంచు పట్టుకుంది.

"నీకు తెలుసా?" అని అమ్మాయిని అడిగింది.

"నొప్పని నాన్నకి నేనే చెప్పాను. నీకు చెప్తే నువ్వు ఈయన మీదకి గొడవకొస్తావని చెప్పొద్దన్నాడు. దానివల్ల వంపు పెరుగుతుందని నాకు తెలీదు. డాక్టరు అడిగాక అనుమానం వచ్చింది."

"మీకో? మీకెప్పుడొచ్చింది?"

"అప్పుడే," అన్నాడు తండ్రి.

"అప్పటి నుంచీనా? నేను దాని వీపుకి దారాలు కడుతుంటే, చూస్తూ మిషను తొక్కుకుంటున్నారా? స్కూలుకెళ్లి దొంగదాని గురించి అడిగినట్టు అడిగొచ్చానండీ నేను!"

తండ్రి బల్ల వైపు తిరిగాడు. బ్రేసు మాస్టారును అడిగాడు.

"నా వల్లే పెరిగిందాండీ?"

"చెప్పలేను. మెత్త సరిగ్గా ఉన్నా పెరిగినవాళ్లున్నారు. లేకపోయినా ఆగినవాళ్లున్నారు."

"ఎంతో కొంత చెప్పగలరు కదా."

"చెప్పలేను మాస్టారూ. చెప్తే అది అబద్ధం."

బ్రేసు మాస్టారు పాత మెత్త పీకేసి కొత్తది అతికించాడు. అమ్మాయి ఈమధ్య పెరిగిన ఎత్తుకు తగ్గట్టు అంచులు వేడి చేసి సరిచేశాడు. తొడిగి బిగించాక అమ్మాయి పెదవి కొరుక్కుంది. తండ్రి చెయ్యి ఆ పక్కకు వెళ్లింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఇది వేసుకోవాలా, ఆపరేషన్ చేయించుకోవాలా, నన్నడగరా?" అంది అమ్మాయి.

"అడుగుతున్నాం. చెప్పు," అంది తల్లి.

"మూడు నెలలు వేసుకుంటాను. నొప్పెడితే నీకే చెప్తాను. దారం మాత్రం కట్టకూడదు."

"కట్టను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ వారంలోనే మొదటి డాక్టరు దగ్గర బ్రేసు ఒంటి మీద ఉండగా ఒక ఫోటో తీశారు. అందులో వంపు ఇరవై ఎనిమిది. బ్రేసు లోపల తగ్గినంత మాత్రాన తీశాక తగ్గినట్టు కాదని డాక్టరు చెప్పింది. మెత్త సంగతి విన్నాక ఆమె అమ్మాయికి సారీ చెప్పింది. పక్కటెముకల మీద ఎర్ర మచ్చ రెండో రోజుకే పడింది. తల్లి ఇప్పుడు స్నానానికి ముందు మెత్త మీద బొటనవేలు పెట్టి నొక్కి చూస్తోంది. ఆ సమయానికి తండ్రి ముందు గదిలోంచి రావడం లేదు.

మూడు నెలల తరవాత బ్రేసు లేకుండా ఫోటో తీశారు. వంపు నలభై. ఒకరే కొలిచినా మూడు నాలుగు డిగ్రీలు అటూ ఇటూ రావచ్చని, పెరిగిందో ఆగిందో ఈ ఒక్క ఫోటోతో తేల్చలేనని డాక్టరు చెప్పింది. నాలుగు నెలలకు మళ్లీ రమ్మంది. ఆపరేషన్‌కు తారీఖు వెయ్యలేదు. అమ్మాయి పక్క గదిలోకి వెళ్లి, వెంట తెచ్చుకున్న బ్రేసు తొడుక్కుని, పట్టీలు బిగించమని తండ్రిని పిలిచింది. ఆయన బిగించాడు.