బ్లీచింగ్ నీళ్లు పోసిన కూడు

కోడిముక్కల వాయి ఫ్రయ్యర్‌లోంచి తీస్తుండగా నూనె చిట్లి ఆల్మెడా మోచేతి మీద పడింది. అరవడానికి కూడా తీరిక లేదు. జులై ఎండకి షాపులో ఏసీ పొద్దుటే చేతులెత్తేసింది. పక్కన పనిచేసే అమ్మాయి జ్వరమని రాలేదు. కౌంటరు అవతల జనం తోసుకుంటున్నారు. కుళాయి కింద ఒక్క క్షణం చెయ్యి పెట్టి, మళ్లీ పట్టకారు అందుకుంది.

గంటకి పదిన్నర డాలర్ల పని. ఆ కౌంటరు వెనకే ఆమె జుట్టు నెరిసింది. మిసిసిపిలో, పత్తిచేల మధ్య ఉన్న ఆ చిన్న ఊరికి సూపర్‌మార్కెట్ అదొక్కటే. అది మూతపడితే ఉప్పు పొట్లానికి కూడా నలభై మైళ్లు పోవాలి. కారు లేని ఇళ్లు ఊళ్లో సగానికి పైనే. అందుకే ఆ షాపు మేనేజరు మాట ఊళ్లో బాగా చెల్లుతుంది.

ఆ మేనేజరు రూఫస్ గ్యాంట్. చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే. ఆల్మెడా తల్లి పోయినప్పుడు శవపేటికకి భుజం పట్టినవాడు. అలాంటి మనిషి చెబుతుంటే అబద్ధమని ఆల్మెడా ఎందుకనుకుంటుంది?

సాయంత్రం ఏడింటికి వేడి తిండి కౌంటరు మూస్తారు. మిగిలిన కోడి, ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె వెనకవైపు ఇనప డబ్బాలో పారేసి, పైన బ్లీచింగ్ నీళ్లు పొయ్యాలి. ఎవరూ ఏరుకుని తినకుండా. పోసేది ఆల్మెడాయే. తినే తిండి మీద ఆ నీళ్లు పోస్తున్నప్పుడల్లా ఆమె మొహం పక్కకి తిప్పుకునేది. ఏం చేస్తుంది? గ్యాంట్ చెప్పాడు: "మనం ఊరికే ఇచ్చింది తిని ఎవడికన్నా కడుపునొప్పొచ్చిందనుకో సిస్టర్, కోర్టుకీడుస్తాడు. చట్టం అట్టా ఉంది. షాపు పోద్ది, మన ఉద్యోగాలూ పోతాయి."

చర్చి కింది గదిలో ఒజెల్లా వంటగది నడుపుతుంది. ఇద్దరూ చిన్నప్పుడు ఒక బెంచీ మీద చదువుకున్నారు. లేనివాళ్లకి సాయంత్రం పూట ఇంత వండి పెడుతుంది ఒజెల్లా, డబ్బు తీసుకోదు. షాపులో మిగిలింది మాకివ్వమని సంఘమంతా కలిసి వెళ్లి అడుగుదామని కిందటి వసంతంలో ఆమే లేవదీసింది. అప్పుడు గ్యాంట్ ఆల్మెడాని పక్కకి పిలిచి, "నేనంటే షాపు మనిషినంటారు. నువ్వు లేచి చెప్పు సిస్టర్," అన్నాడు.

ఆదివారం ఆరాధనలో ఆమె లేచి ముందుకి నడిచి, అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని, తన చేతుల్తో పారేస్తున్న తనకి కడుపు తరుక్కుపోతోందని, అయినా గతి లేదని. ఆ చర్చిలో సాక్ష్యంగా చెప్పిన మాటని ఎవరూ తిరగదోడరు. దేవుడి ముందు నిలబడి అన్న మాట అది. ఒజెల్లా షాపుకి వెళ్లి అడిగే మాటే వదిలేసింది. ఆ కథ అంతటితో ముగిసిందనే అనుకున్నారు.

చేతి మీద నూనె పడిన ఆ రోజే, మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఒక లారీ డ్రైవరు కౌంటరు దగ్గరికొచ్చి భోజనం పెట్టించుకున్నాడు. మిగిలిన తిండి పోగుచేసి లేనివాళ్లకి పంచే పట్నంలోని ఆహార నిధి వాళ్ల ఫ్రిజ్ లారీ నడుపుతాడట. పేరు డెల్‌రాయ్.

"మీ ఊళ్లో అంత ఆకలా అమ్మా? ఏమీ మిగలదా?" అన్నాడు నవ్వుతూ. "మీ కంపెనీ షాపులన్నిట్లో మిగిలిన సరుకు నేనే ఎక్కించుకుపోతా. మీ దగ్గరే ఎప్పుడడిగినా వద్దంటారు."

"ఇస్తే కేసు పడుద్ది బాబూ."

అతను తినడం ఆపేశాడు. "కేసా? ఎవరు చెప్పారు మీకు? కేసు పడకూడదనే గదా చట్టం తెచ్చింది. నేను నిక్కర్లేసుకునే రోజుల్లోనే వచ్చింది. తినడానికి బాగున్న తిండి మంచి మనసుతో ఇస్తే ఇచ్చినోళ్ల మీదా పడదు, వడ్డించినోళ్ల మీదా పడదు. పాడైందని తెలిసీ ఇస్తే అది వేరే సంగతి. మీ మేనేజరుకి తెలీకపోడమేంటి?"

ఆల్మెడా గరిటె పక్కన పెట్టి, ఆ మాటే మళ్లీ చెప్పించుకుంది.

కౌంటరు మూసే వేళకి ఆమె గ్యాంట్ గదిలోకి వెళ్లింది. "మీకా చట్టం సంగతి తెలుసా బ్రదర్?"

ఏ చట్టమని ఆయన అడగలేదు. "తలుపెయ్యి సిస్టర్," అన్నాడు.

"తెలుసా?"

"తెలుసు. మేనేజర్ని చేసినప్పుడే చెప్తారు అవన్నీ."

"మరి నాతో ఎందుకట్టా చెప్పించారు?"

"సాయంత్రం మూసేముందు మిగిలింది సగం ధరకి బల్ల మీద పెడుతున్నాంగా? ఎనిమిది ముక్కల పెట్టె నాలుగు డాలర్లు. అదే కోడి చర్చిలో ఊరికే పెడుతుంటే ఇక్కడెవడు కొంటాడు? అమ్మకాలు పడిపోతే పైవాళ్లు ఊరుకుంటారా? షాపెత్తేస్తారు. ఊరి మంచికే చేశా."

"ఊరి మంచికైతే మీరే లేచి చెప్పాల్సింది."

"నేను చెబితే నమ్మరుగా. నువ్వైతే నమ్మారు."

ఈ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. అదే ఆమెని నిలువునా కాల్చింది. ఇన్నేళ్లూ తనది మంచిపేరని మురిసిపోయింది. ఆ పేరుని ఈయన చేతిగుడ్డలా వాడుకుని పక్కన పడేశాడు. ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

గదిలోంచి బయటికొచ్చి, మిగిలిన కోడి రెండు పెద్ద ట్రేలలో సర్ది, మూతలు బిగించి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఎత్తుకుంది. వెనక డబ్బా వైపు కాదు, ముందు తలుపు వైపు నడిచింది. గ్యాంట్ అడ్డం రాలేదు. అందరికీ వినపడేలా అన్నాడు: "అవి గడప దాటాయంటే రేపట్నుంచి నువ్వు రాబల్లేదు."

"నేనూ రాలేను బ్రదర్," అంది ఆల్మెడా. తలుపు భుజంతో నెట్టుకుని వెళ్లిపోయింది.

చర్చి రెండు వీధుల అవతల. కింది గది మెట్ల దగ్గర జనం వరసగా నిలబడి ఉన్నారు. బడికి సెలవులు కాబట్టి మధ్యాహ్నం బడిలో తినే పిల్లలు కూడా వరసలోనే ఉన్నారు. ఒజెల్లా గుమ్మం లోపల చిక్కుడుగింజల గిన్నె అడుగు గీకుతోంది. గీకిన చప్పుడే గానీ గరిటెలోకి ఏమీ రావడం లేదు.

ఆల్మెడా ట్రేలు మెట్టు మీద దించి మూత తీసింది. వాసనకి వరస మొత్తం ఒక్క అడుగు ముందుకి జరిగింది.

ఒజెల్లా గబగబా వచ్చి అడ్డంగా నిలబడింది. "ఆగండి. ఎవరూ ముట్టుకోవద్దు. ఏమే, ఇవెక్కడివి?"

"షాపువే. ఇందాకటిదాకా వేడి పెట్టెలోనే ఉన్నాయి. పెట్టు ఒజెల్లా, చల్లారిపోతాయి."

"కేసు పడుద్దని నువ్వేగా చెప్పావు?"

"పడదే. చట్టమే మనల్ని కాపాడుద్ది. ఆయనకి మొదట్నుంచీ తెలుసు. నాచేత అబద్ధం చెప్పించాడు."

"నీకెవరు చెప్పారు పడదని?"

ఆల్మెడా ట్రే వంక చూస్తూ అంది: "ఒక లారీ డ్రైవరు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒజెల్లా నవ్వలేదు.

"ఆరోజు దేవుడి ముందర నిలబడి ఒక చట్టం చెప్పావు. ఇవాళ మెట్ల మీద నిలబడి ఇంకో చట్టం చెబుతున్నావు. దేన్ని నమ్మమంటావే? నీ మాట పట్టుకుని పెళ్లిళ్లలో మిగిలింది తెస్తామన్నోళ్లని రావొద్దన్నా. పెట్రోలు బంకు వాళ్లు రొట్టెలిస్తామంటే వద్దన్నా. ఎంతమందిని ఖాళీ కడుపుల్తో పంపించానో నీకేం తెలుసు? నువ్వు చెప్పావు గదా అని పంపించా. ఇవాళ ఇది పెట్టి, రేపెవడన్నా నోటీసిస్తే తాళం పడేది నా వంటగదికే. తీసుకుపో."

"ఒజెల్లా, ఆయన నన్నూ మోసం చేశాడే."

"ఆయన మాట అయితే నేను నమ్మేదాన్నే కాదు." ఒజెల్లా తల తిప్పుకుంది. "నువ్వు చెప్పావని నమ్మా."

ఆల్మెడా దగ్గర మాట తప్ప ఏముంది? ఆ మాటకే ఇప్పుడు విలువ లేదు.

ఇక తిని చూపించడమే మిగిలింది. మెట్టు మీద కూలబడింది. ట్రేలోంచి ఒక ముక్క తీసి కొరికింది. నమలడానికి నోట్లో తడి లేదు. అయినా నమిలి మింగి, ఎముక పక్కన పెట్టి, ఇంకొకటి తీసింది. ఎవరూ ముందుకి రాలేదు, ఎవరూ వెళ్లిపోలేదు. ఒజెల్లా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడే ఉంది. ఆల్మెడాకి ఏమన్నా అవుతుందేమోనని వరస వరసంతా ఆమె గొంతు వంకే చూస్తోంది.