జత మాట

సభలో ఓటింగు గంట మోగడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. మాస్టారు సభ్యుల క్వార్టర్సులోని తన గదిలో, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చెప్పులు మాత్రం వేసుకోకుండా మంచం అంచున కూర్చున్నారు.

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఊరివాళ్ళు పట్టుబడితే ఎన్నికల్లో నిలబడి గెలిచిన మనిషాయన. పట్టు దేనికంటే, ఊళ్ళోని పదహారు మంచాల ఆస్పత్రి కోసం. చిన్న ఆస్పత్రులన్నీ మూసేసి పట్నాల్లో కలిపేస్తామని ప్రభుత్వం అప్పటికే అంటోంది. ఆ బిల్లే ఇవాళ ఓటుకు వస్తోంది.

నాలుగు రోజుల కిందట వరండాలో డాక్టరు ఆయన్ని ఆపాడు. డాక్టరు అధికార పక్షం సభ్యుడు. అతని భార్యకు గుండె ఆపరేషను సరిగ్గా ఓటింగు రోజునే పడిందట. తనతో జత కడతారా అని అడిగాడు. ఆ సభలో అదొక పాత ఆనవాయితీ. ఇటొకరు, అటొకరు మాట అనుకుని ఇద్దరూ ఓటు మానేస్తారు. ఏ పక్షానికీ నష్టం ఉండదు. మాస్టారు సరేనన్నారు. జత కట్టేముందు, ఓట్ల లెక్క చూసే పార్టీ విప్‌తో చెప్పి, అతని పుస్తకంలో రాయించాలని కొత్త సభ్యుడైన ఆయనకు తెలియదు. మాట అనుకున్నాక మళ్ళీ రాతెందుకనుకునే తరం.

ఆ సంగతి తెలియకే విప్ ఇప్పుడు నవ్వుతూ లోపలికొచ్చాడు. డాక్టరు రావడం లేదట, దేవుడు మన పక్షానే ఉన్నాడన్నాడు. మాస్టారు ఓటేస్తే రెండు వైపులా సమానం, సమానమైతే ఆ సభ నియమం ప్రకారం బిల్లు వీగిపోయినట్టే. మాస్టారు జరిగింది చెప్పారు. విప్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"ఎవరైనా విన్నారా?"

"లేదు."

"కాగితం మీద పెట్టారా?"

"లేదు."

"మరింకేంటి మాస్టారూ?"

"పైనున్నాయన విన్నాడుగా నాయనా."

విప్ బతిమాలాడు, కసిరాడు. చివరికి గుమ్మం దగ్గర ఆగి, "మీరు గుళ్ళో ఉండాల్సిన మనిషి, దారితప్పి ఇటొచ్చారు" అని వెళ్ళిపోయాడు.

మాస్టారు ఇంటికి ఫోను చేశారు. భార్య అంతా వింది.

"డాక్టరుగారికి మాటిచ్చారు, సరే. ఊరికిచ్చింది మాట కాదా?"

మాస్టారు ఫోను పెట్టేసి కళ్ళు మూసుకున్నారు. రోజూ నోటికొచ్చే ప్రార్థన సగంలో ఆగిపోయింది. ఇచ్చిన మాట నిలబెట్టమంటాడా దేవుడు, పదహారు మంచాలు నిలబెట్టమంటాడా? ఇన్నేళ్ళలో ఏనాడూ దేవుడికి ఎదురు ప్రశ్న వేసింది లేదు. ఇవాళ వేశారు. కిటికీ అద్దం మీద ఈగ ఒకటి పైకి పాకి, జారి, మళ్ళీ పాకుతోంది.

గంట మోగింది. వరండాలో తలుపులు, గబగబా అడుగులు, ఎవరిదో నవ్వు. తర్వాత అంత పెద్ద భవనంలో ఆయనొక్కరే మిగిలినట్టయింది. మాస్టారు లేవలేదు.

బిల్లు ఒక్క ఓటుతో నెగ్గింది.

క్యాంటీనులో ఆయన కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. రోజూ "బాబాయ్" అంటూ ఉప్పు అందుకునే కుర్ర సభ్యుడు, ఉప్పు లేకుండానే తిని లేచాడు.

సాయంత్రం డాక్టరు ఫోను చేశాడు. భార్య కళ్ళు తెరిచిందట. ఆ మాట చెప్పి, ఫోను పెట్టేయబోయి ఆగాడు.

"మీ స్థానంలో నేనుంటే వెళ్ళి ఓటేసేవాణ్ణి మాస్టారూ."

"మీ ఆవిణ్ణి జాగ్రత్తగా చూసుకో" అన్నారు మాస్టారు.

మళ్ళీ ఇంటికి చేశారు. ఫోనులో జనం గోల వినబడింది. ఊరివాళ్ళంతా ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నారట, తానూ వచ్చి కూర్చున్నానంది భార్య. నిన్నేమైనా అన్నారా అని అడిగారు. ఎవరూ ఏమీ అనలేదట. పక్కకు జరిగి చోటిచ్చారట.

"నాకిస్తారంటావా?"

"అది నేనెలా చెప్పను? వచ్చి మీరే అడగండి."

మాస్టారు మంచం కిందికి వంగి చెప్పులు వెతుక్కున్నారు.