ఒక్క తలుపూ తెరుచుకోలేదు

"మళ్ళీ మొదటినించీ చెప్పు. ఈసారి నీళ్ళు నమలకుండా చెప్పు," అంది పొడుగక్క, తడి దుప్పటి ఒక కొస పట్టుకుని వెనక్కి జరుగుతూ.

మిషన్ ఆసుపత్రి ఉతుకు గదిలో పొయ్యి మీద రెండో కాగు మరుగుతోంది. సోడా ఆవిరికి కళ్ళు మండుతున్నాయి. ఆపరేషన్ గదినించి వచ్చిన దుప్పట్లు మూలన గుట్టగా పడి ఉన్నాయి. మధ్యాహ్నం దూరదేశం అతిథులు వస్తున్నారు, వాళ్ళొచ్చేసరికి ప్రతి మంచం మీదా తెల్లటి దుప్పటి ఉండాలని పొద్దున్నే హుకుం వచ్చింది. ఉన్న దుప్పట్లు సగం మంచాలకే చాలవని అందరికీ తెలుసు, అయినా ఉతుకుతున్నారు.

నీలి రెండో కొస పట్టుకుంది. కడపటి నీళ్ళలో నీలిమందు కలిపే పని ఆమెది. గోళ్ళ సందుల్లో ఆ రంగు వదలక, ఆమె అసలు పేరు వదిలేసి ఉతుకు గదంతా నీలి అనే పిలుస్తుంది. నిరుడు బాప్తిస్మమప్పుడు మిషన్ పాస్టరు అయ్యగారు పెట్టిన కొత్త పేరు ఒకటుంది. అది ఆదివారం పూట మాత్రమే వినబడుతుంది.

"నా భర్త పోయాక నేనూ నా కూతురూ చీకట్లో బతికాం," అని అతిథుల ముందు చెప్పాల్సిన సాక్ష్యం అందుకుంది నీలి. "పిల్లకి గుండెజబ్బు. ఓ రోజు వానలో దానికి ఊపిరాడలేదు. నేను వీధిలోకి పరిగెత్తాను... అప్పుడు నాకీ ఆసుపత్రి దీపం కనబడింది."

"ఆగాగు. వీధిలోకి పరిగెత్తావు, దీపం కనబడింది. మధ్యలో ఏమైంది? దీపం గొడుగేసుకుని మన వీధిలోకి నడిచొచ్చిందా?"

కాగు దగ్గర కర్ర తిప్పుతున్న ముసలామె కిసుక్కున నవ్వింది.

"మధ్యలో ఓ ముక్క ఉందిలే అక్కా."

"అదేగా మింగేస్తున్నావు. అక్కడ కూడా ఇలాగే మింగితే వాళ్ళకేం అర్థమవుతుంది? చెప్పు."

దుప్పటి పిండడం ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. చెరో కొసా పట్టుకుని ఎవరి కుడికి వాళ్ళు తిప్పాలి. అప్పుడే మధ్యలో మెలి పడి నీళ్ళు దిగుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎదుటి మనిషి చేతులు చూసి అటే తిప్పేస్తారు, మెలి కాస్తా విడిపోతుంది. "నా చేతులు చూడకు, నీ చేతులు నువ్వు చూసుకో," అని పనిలో చేరిన రోజునే పొడుగక్క చెప్పింది. ఆ పొరపాటు నీలి మొదటి వారం తర్వాత మళ్ళీ చెయ్యలేదు.

ఇప్పుడు చేసింది. మెలి విడిపోయి దుప్పటి జారి బురదనీళ్ళలో పడింది.

పొడుగక్క దాన్ని తియ్యలేదు. నీలి మొహం కేసి చూసింది. "ఏంటే ఆ ముక్క?"

నీలి తల వంచుకుని, అయ్యగారు నోటికి నేర్పిన మాటలు నేర్పినట్టే అప్పజెప్పింది. "వేరే దేవుళ్ళని మొక్కే ఆ వీధిలో నేను ప్రతి తలుపూ కొట్టాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు."

కాగు దగ్గర కర్ర ఆగింది.

పొడుగక్క నవ్వింది. "నా తలుపుకి గొళ్ళెమే సరిగ్గా పడి చావదు. దాన్ని పట్టుకుని మూసేశారా మీ అయ్యగారు!"

ఆ నవ్వుకి ఎవరూ తోడు కలవలేదు.

ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. మధ్య గోడ ఒక్కటే, మొక్కే దేవుళ్ళు మాత్రం వేరు. ఆ వాన రోజున వీధిలో తెరుచుకున్నది పొడుగక్క తలుపే. పిల్లని భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్ళలో ఆసుపత్రికి నడిచింది ఆమే. పడుకోబెడితే పిల్లకి ఊపిరి అందడం లేదని, తన గుండెకి ఆనించుకుని తెల్లార్లూ కూర్చుంది కూడా ఆమే. అసలు ఈ ఆసుపత్రి ఒకటుందని, డబ్బులేనివాళ్ళని ఇక్కడ గెంటెయ్యరని నీలికి దారి చూపించిందే ఆమె. తర్వాత ఉతుకు గదిలో పని ఇప్పించింది. ఆ పనిలో ఉండగా, వార్డుల్లో రాత్రీ పగలూ చాకిరీ చేసే నర్సమ్మల్ని చూసి, వాళ్ళ ప్రార్థనలు విని, నీలి మనసు వాళ్ళ దేవుడి వైపు తిరిగింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. బాప్తిస్మం రోజున తడి బట్టలతో బయటికొస్తే తువ్వాలు పట్టుకుని నిలబడిందీ పొడుగక్కే. "ఇంకో దేవుడు కూడా నిన్ను చూసుకుంటానంటే మంచిదేగా," అంది.

"నేను చెప్పనన్నానక్కా," అంది నీలి. "ఆయన ఒప్పుకోలేదు."

నిజానికి చెప్పనని అనలేదు. అడిగింది, అంతే. పోయిన వారం, ప్రార్థన అయ్యాక.

"పొడుగక్క తీసింది కదా అయ్యగారూ."

"మీ బావ తీశాడా?"

"లేదండీ."

"ఎదురింటివాళ్ళు?"

"లేదండీ."

"మరి? అబద్ధం చెప్పమంటున్నానా? అన్నీ మూసుకున్నవే కదా. ఒక్కటి వదిలేస్తున్నాం, అంతే."

"దేవుడే ఆవిడ చేత తలుపు తీయించాడని చెప్పకూడదా?"

అయ్యగారు చెడ్డమనిషి కాడు. చెప్పుల అడుగు అరిగి మడమ నేలకి తగులుతున్నా, జీతం వచ్చినప్పుడు ముందు పిల్లల వార్డుకి మందులు కొనే మనిషి. ఆ వార్డు వచ్చే ఏడాది ఉంటుందో ఊడుతుందో అతిథుల చేతిలో ఉంది.

"చెప్పొచ్చమ్మా. నేనూ అదే నమ్ముతాను," అన్నారు. "కానీ వాళ్ళేమంటారో తెలుసా? మన ప్రభువుని ఎరగని మనిషే అంత చేస్తే ఇక మీరెందుకు, మా డబ్బెందుకు అంటారు. ఈ ఏడాది ఒక్క పిల్లకే ఆపరేషన్ చేయిస్తారట. ముగ్గురి పేర్లు పంపాం. ఎవరి సాక్ష్యం వాళ్ళ మనసుకి తగిలితే ఆ పిల్ల. నేను నీ కూతురి కోసమే చెప్తున్నాను."

గుండె కవాటం పాడైందని డాక్టరమ్మ ఏనాడో చెప్పింది. సూదిమందులు ఇంకెన్నాళ్ళో ఆపలేవనీ, మళ్ళీ వానలొచ్చేలోపు ఆపరేషన్ అయిపోవాలనీ చెప్పింది. నీలి జీతం పిల్ల మందులకే చాలదు.

పొడుగక్క బురదలోంచి దుప్పటి తీసి తొట్టిలో వేసింది. "చెప్పెయ్," అంది.

"అక్కా!"

"ఏం అక్క? నా తలుపు మూశానంటే నాకేమైనా తలుపు అరిగిపోతుందా? పిల్ల బతకాలి. చెప్పెయ్."

"దేవుడి ముందు నిలబడి..."

"నీ దేవుడి సంగతి నాకు తెలీదు. నా దేవుణ్ణి నేను అడుగుతాలే, ఆయనేం అనుకోడు." సబ్బుముక్క అందుకుని బురద మరక మీద రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూ రుద్దుతూ గొంతు తగ్గించింది. "మా ఆయన చెవిన మాత్రం పడనీకు. పోయినేడు మతం గొడవప్పుడు మావాళ్ళు నీ గుమ్మంలోకి రాకుండా కర్ర పట్టుకుని అడ్డం నిలబడ్డాడు కదా. ఇది వింటే మళ్ళీ నిలబడడు."

నీలి తొట్టిలోంచి దుప్పటి పైకి తీసింది. ఇద్దరూ మళ్ళీ చెరో కొసా పట్టుకున్నారు.

మధ్యాహ్నం ప్రార్థన మందిరం కిక్కిరిసి ఉంది. ముందు వరసలో ఐదారుగురు అతిథులు, చేతుల్లో విసనకర్రలు. వాళ్ళ మధ్య నెరిసిన జుట్టు పెద్దావిడ, మొహం మెత్తగా ఉంది. పక్క బెంచీ మీద నీలి కూతురు, అరువు తెచ్చిన తెల్లగౌనులో. మెట్లెక్కి వచ్చినందుకే పిల్ల పెదాలు నీలంగా మారాయి. వెనక గోడ వారగా ఉతుకు గది ఆడవాళ్ళు టీ కప్పులున్న పళ్ళాలతో నిలబడ్డారు. అందరి తలల పైనా పొడుగక్క తల కనబడుతూనే ఉంది.

మిగతా ఇద్దరు తల్లుల సాక్ష్యాలు అయిపోయాయి. ఒకామె ఏడ్చింది. ఒకామె ఏడుపు రాక కంగారుపడింది. నీలి వంతు వచ్చింది. ఆమె ఓ మాట అనడం, అయ్యగారు దాన్ని అతిథుల భాషలోకి మార్చడం. ఆయనకి చేతులతో బొమ్మ కట్టి చెప్పే అలవాటు. భర్త పోయాడనగానే చెయ్యి గాల్లోకి పోయింది. వాన అనగానే వేళ్ళు కిందికి జల్లుగా కురిశాయి. పెద్దావిడ ముందుకి వంగి వింటోంది.

"నేను వీధిలోకి పరిగెత్తాను," అంది నీలి. "ప్రతి తలుపూ కొట్టాను."

అయ్యగారి పిడికిలి గాల్లో తలుపు కొట్టింది.

ఇక మిగిలింది ఆ ఒక్క ముక్క. నీలి నోరు తెరిచింది. పిల్ల పెదాలు చూసింది. చెప్పేద్దామనే అనుకుంది, ఒట్టు, చెప్పేద్దామనే అనుకుంది. నాలుక మీద దాకా వచ్చిన మాట అక్కడే ఆరిపోయింది. సాక్ష్యం అంటే కంటితో చూసింది చెప్పడమేగా. మూసిన తలుపుల్ని చూసింది, నిజమే. కానీ ఒకటి తెరుచుకోవడం కూడా ఆ కళ్ళే చూశాయి.

"మా బావ తియ్యలేదు. ఎదురింటాళ్ళు తియ్యలేదు," అంది. "మా పక్కింటక్క తీసింది. ఆవిడ దేవుడు వేరు. నా పిల్లని భుజానేసుకుని ఇక్కడికి తెచ్చింది ఆవిడే. ఆ చేతుల్లోనే నాకు మొదట మన ప్రభువు కనబడ్డాడు."

ఉతుకు గది ఆడవాళ్ళ మధ్య ఓ పళ్ళెం గలగలమంది.

అయ్యగారు నీలి వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత అతిథుల వైపు తిరిగి మాట్లాడారు. మాట్లాడుతూ రెండు అరచేతులూ పైకెత్తి దగ్గరికి చేర్చి, టప్పున మూశారు. మళ్ళీ తెరిచి ఇంకోసారి మూశారు.

పెద్దావిడ కళ్ళనించి నీళ్ళు జారాయి.

నీలికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. కానీ మూసిన చేతులు మూసిన చేతులే. "కాదు అయ్యగారూ," అంది. "తీసింది. తీసిందని చెప్పండి."

"సరేనమ్మా," అన్నారాయన, నవ్వుమొహంతోనే, పెదాలు కదిలీ కదలకుండా. "నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పావు. దేవుడు విన్నాడు. ఇక కూర్చో. పిల్ల కోసం."

పెద్దావిడ అప్పటికే లేచి పిల్ల దగ్గరికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఏదో అంది. అయ్యగారు నీలి వైపు తిరిగారు. "మన పిల్లకే అంటున్నారు. ఆపరేషన్ వాళ్ళే చేయిస్తారట!"

మందిరమంతా చప్పట్లు. ఎవరో పాట అందుకున్నారు.

ఇదే కదా నీలి ఇన్నాళ్ళూ అడిగింది? తను అబద్ధం ఆడలేదు. నిజమే చెప్పింది. దాన్ని ఎవరు ఎలా మార్చుకున్నారో తనకేం సంబంధం? ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే పిల్ల బతుకుతుంది. అంతే, కూర్చుంటే చాలు.

వెనక్కి చూసింది. పొడుగక్క ఆమెనే చూస్తోంది. కూర్చో అన్నట్టు గట్టిగా తలూపింది. తర్వాత చూపు తిప్పేసుకుని, పళ్ళెంలో చల్లారిపోతున్న కప్పుల్ని ఊరికే అటూ ఇటూ జరపసాగింది. కప్పు మీద కప్పు తగిలి చప్పుడవుతూనే ఉంది.

నీలి వేదిక దిగింది. కూర్చోలేదు. బెంచీల మధ్యనించి వెనక్కి నడిచింది. పాట పాడేవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆగిపోయారు. పొడుగక్క చేతిలోంచి పళ్ళెం లాగి పక్కామెకి ఇచ్చింది.

"ఏయ్, పిచ్చెక్కిందా? వదులు," అంది పొడుగక్క పళ్ళు బిగించి. "దాని నోటికాడది తన్నేస్తావా? నీ కాళ్ళు పట్టుకుంటాను, వదలవే."

నీలి వదల్లేదు. ఆ మణికట్టు పట్టుకుని ముందుకి లాక్కొచ్చింది. పొడుగక్క అంత మనిషీ తడబడుతూ వచ్చింది, ఆమె కళ్ళు నీలి మీద కాదు, పిల్ల మీదే ఉన్నాయి.

పెద్దావిడ లేచి నిలబడింది. నీలి ఆవిడ ఎదురుగా రెండు అరచేతులూ ఎత్తి దగ్గరికి చేర్చి మూసింది. తల అడ్డంగా ఊపింది. మూసిన ఆ చేతుల్ని బార్లా తెరిచి పొడుగక్కని చూపించింది. సబ్బుకి పగిలిన ఆ చేతులతో మళ్ళీ చేసింది. మాట ఒక్కటీ లేదు.

పెద్దావిడ తడి కళ్ళు తుడుచుకోవడం ఆపి, నీలినీ, పొడుగక్కనీ, తన చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్న పిల్లనీ చూసింది. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, పొడుగక్కని చూపిస్తూ తన భాషలో చిన్న ప్రశ్న ఒకటి అడిగింది.

మందిరంలో అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. అయ్యగారు నోరు తెరిచారు. రెండు చేతులూ పైకి లేచాయి. లేచి, ఎటు కదలాలో తెలియక, గాల్లోనే ఆగిపోయాయి.