ఆరు మాటల తాళం

ఆదివారం పగటి వంటకని చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తున్నంతసేపూ రేణుక పెదవులు కదులుతూనే ఉన్నాయి. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అత్త సక్కుబాయి చూసి చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

“ఏ దేవునికే గంత మొక్కుతున్నవు? నెల దినాల సంది చూస్తున్న. బట్టలు మడతపెడితే అదే, బోళ్లు తోమితే అదే.”

“ఏం లేదత్తా, ఊకెనే.”

“ఊకెనే మొక్కేటోళ్లను నేనెక్కడ చూడలే. జర నా మోకాళ్ల సంగతి గూడ చెప్పు ఆయినకు.”

రేణుక నవ్వింది గానీ, వరుస తప్పుతుందని మాట కలపలేదు. ఆమె మొక్కుతున్నది దేవుడికి కాదు. ఆరు మాటలు. నలభై మూడు రోజులుగా పొద్దున దీపం పెట్టి లేచినప్పుడొకసారి, హఫీజ్‌పేట్ నుంచి మాదాపూర్ పోయే షేర్ ఆటోలో ఒకసారి, ఆఫీసులో తొమ్మిదో అంతస్తు బాత్రూములు కడిగించేటప్పుడొకసారి, ఇంటికొచ్చి బియ్యం కడిగేటప్పుడొకసారి లోలోపల చెప్పుకుంటోంది. ఆ ఆరు మాటలూ ఇంట్లో మరెవరికీ తెలియవు. కన్నకూతురు హర్షిణికి కూడా తెలియవు. తనకు తెలియకూడదని హర్షిణే పట్టుబట్టింది.

రేణుకది పుట్టుభయం. కుక్కర్ మూడో కూత ఆలస్యమైతే అది పేలిపోతుందనుకుంటుంది. భర్త భాస్కర్ క్యాబ్ తోలుకుని ఎయిర్‌పోర్టు దాకా పోయి గంటసేపు ఫోన్ ఎత్తకపోతే, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ లారీ కిందో ఉన్నాడనుకుంటుంది. చదువు పదో తరగతితో ఆగింది గానీ ఇంట్లో ప్రతి అంకె ఆమె తలలోనే ఉంటుంది. గ్యాస్ నెంబరు, నలుగురి ఆధార్లు, అత్త వేసుకునే బీపీ గోళీ పేరు, బండి ఇన్సూరెన్స్ తీరిపోయే తేదీ, చివరికి భాస్కర్ ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా. “ఏమే, నా పాస్‌వర్డ్ ఏంది?” అని స్నానాల గదిలోంచి కేకేసి అడిగే మనిషే, నలుగురు కూర్చున్న చోట “దీనికేం గుర్తుంటది, పాలు పొయ్యి మీద పెట్టి పక్కింటికి పోతది” అని అందరినీ నవ్విస్తాడు. పాలు పొంగింది ఒక్కసారి, ఎన్నో ఏళ్ల కింద. ఆ పూట ఆమె పక్కింటికి పోలేదు, బండి ఆర్‌సీ కనబడటం లేదని అతను గొడవ చేస్తుంటే బీరువా వెతుకుతోంది. ఆ సంగతి మాత్రం ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. గుర్తు పెట్టుకోవడం ఆమె పని కదా, ఆమె పనులు ఎవరూ గుర్తు పెట్టుకోరు.

హర్షిణికి ఇరవై నాలుగేళ్లు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఉద్యోగం. అయిదు నెలలుగా ఆమె టీమ్ లీడ్ వేళాపాళా లేకుండా మెసేజ్‌లు పెడుతున్నాడు, చెప్పుకోలేని మాటలు వాయిస్‌లో పంపుతున్నాడు. ఒకరోజు లిఫ్టులో ఇంకా ముందుకు పోయాడు. ఆ సాయంత్రం హర్షిణి స్నానానికి పోయి గంటయినా బయటికి రాలేదు. తలుపు కొట్టీ కొట్టీ రేణుక ఏమేమో ఊహించుకుంది. ఊహించుకున్నవాటిలో ఒకటి నిజమేనని హర్షిణి తలుపు తీసి చెప్పింది.

ఆ శనివారమే కాగితం తయారైంది. భాస్కర్ శంషాబాద్ కిరాయి మీద పోయాడు, సక్కుబాయి నిద్రపోతోంది. కరోనా కాలంలో క్లాసుల కోసం కొన్న ప్రింటర్‌ను హర్షిణి మంచం కింద నుంచి లాగి దుమ్ము తుడిచింది. ఇంట్లో వైఫై తీసేసింది.

“జిరాక్స్ షాపుల తీపియ్యరాదే?” అంది రేణుక.

“వాళ్ల కంప్యూటర్ల ఉండిపోతదమ్మా. ఇది మన ఇంట్లనే కావాలె.” హర్షిణి గొంతు తగ్గించింది. “చూడు. వాడు పంపినయి అన్నీ ఆన్‌లైన్ల ఒక పెట్టెల పెట్టి తాళమేసిన. ఆ తాళంచెవి ఈ కాగితం. ఫోన్ పోయినా, ల్యాప్‌టాప్ పోయినా ఇది ఉంటది.”

ప్రింటర్ గుర్రుగుర్రుమంటూ ఒక చిన్న కాగితం కక్కింది, పరీక్షకని. నిండా నల్లచుక్కల గళ్లు.

“దుకాణంల పైసలు కొట్టే బొమ్మ లెక్కనే ఉంది గదనే. ఎవలన్న ఎత్తుకపోతే?”

“ఎత్తుకపోయినా తెరుచుకోదు. అసలు కాగితానికి గూడ ఆరు మాటల తాళముంటది. ఆ మాటలు నీ దగ్గరుంటయ్.”

“నా దగ్గరనా? నాకు జ్వరమొచ్చి మతి పోతే? బస్సు కింద పడితే?”

“పడవు. నా దగ్గరుంటేనే పరేషాన్. డాడీ ఒక్కసారి కండ్లనీళ్లు పెట్టుకున్నడనుకో, నేనే తెరిచి అన్నీ తీసేస్త. నా మీద నాకే నమ్మకం లేదమ్మా.”

హర్షిణి రెండు వందల చీటీల మీద రెండు వందల మామూలు మాటలు రాసి, కాలనీ ఆడవాళ్లు చిట్టీ తీసినట్టు స్టీలు గిన్నెలో వేసి కుదిపింది. రేణుక కళ్లు మూసుకుని ఒక్కొక్కటే ఆరు తీసింది. నాలుగోది విప్పి చూసి ముఖం చిట్లించింది. “ఇది వద్దే, ఇంకోటి తీస్త.”

“మార్చొద్దు. మనకు నచ్చినయి ఏరుకుంటే వేరేటోళ్లు పసిగడతరు. వచ్చింది వచ్చినట్టే కొట్టు.”

హర్షిణి గోడవైపు తిరిగి కూర్చుంది. తెర మీద పరిచిన తెలుగు అక్షరాల మీద బాణం గుర్తు పెట్టి నొక్కుకుంటూ రేణుక ఆరు మాటలూ అర్ధగంటలో పూర్తిచేసింది. చీటీలన్నీ చింపి తడిచెత్తలో కలిపేసింది. ఆ తాళంతో అచ్చయి వచ్చిన అసలు కాగితాన్ని తన పదో తరగతి మెమో, రేషన్ కార్డు ఉన్న ఫైలులో పెట్టింది. ఆ ఫైలును ఇంట్లో ఆమె తప్ప మరెవరూ తెరవరు.

మొన్న బుధవారం వరకు భయం ఒక లెక్కలో ఉంది. ఆఫీసులో ఫిర్యాదు పెట్టానని, కంపెనీ విచారణ కమిటీ ముందు హాజరు కావాల్సిన రోజు దగ్గర పడుతోందని హర్షిణి తండ్రికి చెప్పేసింది. భాస్కర్ అరవలేదు. అన్నం తిన్నాడు, చేయి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున, కూతురు స్నానంలో ఉండగా ఫోన్ తీసుకుని చందానగర్ పోయి, తెలిసిన షాపులో అందులో ఉన్నదంతా తుడిపించి, దానికి గులాబీరంగు కొత్త కవర్ కూడా వేయించుకుని వచ్చాడు.

“ఇగ ఫికర్ లేదు. ఏం జరగలే అనుకో. మూసాపేట సంబంధమోళ్లకు తెలిస్తే మన గడప తొక్కరు. నీ మంచికే చేసిన బిడ్డా” అన్నాడు. అలా అన్నప్పుడు అతని గొంతు వణికింది, అది నటన కాదు. హర్షిణి కవర్ తీసి బల్ల మీద పెట్టి ఆఫీసుకు పోయింది. ఏడవలేదు.

రుజువులు ఆదివారం సాయంత్రం అయిదులోపు పంపాలి. పంపకపోతే సోమవారం వాడి మాట ఒకవైపు, ఈమె మాట ఒకవైపు. వాడిది పన్నెండేళ్ల అనుభవం, ఈమెది రెండేళ్లు.

ఆ నాలుగు రోజులూ రేణుకకు ఒకటే ఆలోచన. తెరుచుకుంటే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది. సంబంధం పోతుంది. వాడు దారి కాస్తాడు. ఏ యాసిడ్ సీసాతోనో వస్తాడు, పేపర్లో ఫోటో పడుతుంది. ఆలోచన అంతదాకా పోయి, అక్కడినుంచి నెమ్మదిగా ఇంకో వైపు తిరిగింది. మర్చిపోయాను అంటే చాలు. ఎవరూ అనుమానించరు. ఇంటిల్లిపాదీ ముందే నమ్మి కూర్చున్న మాట అది. తనను చిన్నబుచ్చడానికి ఇన్నేళ్లు వాడిన మాటే ఇప్పుడు కూతుర్ని కాపాడొచ్చు. కాపాడటమేనా అది అని లోపల ఎవరో అడిగారు. ఆమె బియ్యం కడగడానికి లేచింది.

భోజనాలయ్యాక మూడు గంటలకు హర్షిణి ల్యాప్‌టాప్ తెచ్చి దివాన్ మీద పెట్టింది.

“డాడీ, నువ్వు గూడ కూర్చో. నీ ఎన్క దొంగతనంగ చేసుడు నాకిష్టం లేదు” అని ఫైలులోంచి కాగితం తీసి, అదేమిటో చెప్పింది.

భాస్కర్ ముఖం పాలిపోయింది. ఆరు మాటల దగ్గరికి వచ్చేసరికి తేరుకున్నాడు. “ఎవల దగ్గరున్నయి? మీ అమ్మ దగ్గరనా?” అని నిజంగానే నవ్వాడు.

రేణుక కూర్చుంది. హర్షిణి కాగితాన్ని కెమెరాకు చూపించి పక్కకు తిరిగింది. రైలు. ఉల్లిగడ్డ. తంగేడు. పసుపు. గొడుగు. జల్లెడ. ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కింది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది.

“తప్పంటుందమ్మా. మళ్లీ కొట్టు.”

మళ్లీ కొట్టింది. ఎరుపే. మూడోసారీ ఎరుపే. రేణుక అబద్ధం ఆడటం లేదు. నలభై మూడు రోజులుగా చెప్పుకున్నవి అవే మాటలు.

“నలభై దినాలు మొక్కి మొక్కి దేవుని పేరే మర్చిపోయినవా?” అంది సక్కుబాయి.

భాస్కర్ లేచి వచ్చి భార్య భుజం మీద చేయి వేశాడు. ఎన్నేళ్లయిందో అలా వేసి. “పాపం దాన్నెందుకు సతాయిస్తవు బిడ్డా. దేవుడే అడ్డం పడ్డడు. పోనియ్యి.”

“పర్వాలేదమ్మా,” అంది హర్షిణి. కోపం లేదు. ఎవరినైనా దవాఖానలో వదిలి వచ్చేటప్పుడు అనే మాటలా ఉంది.

రేణుక ఒళ్లు తేలికైంది. తను ఏ పాపమూ చేయలేదు, నిజంగానే గుర్తు లేదు. భుజం మీద చేయి వెచ్చగా ఉంది. ఆ తేలికలోనే నాలుగో చీటీ కళ్ల ముందుకొచ్చింది, హర్షిణి కొక్కిరి అక్షరాలతో. బూడిద. ఆ రోజు కూతురు ఒప్పుకోలేదని అలాగే కొట్టింది. మర్నాడు దీపం పెట్టి లేస్తూ ఆరు మాటలు చెప్పుకోబోతే, ఆ మాట బిడ్డ పేరు మీద ఎలా అనను అని నాలుక వెనక్కి పోయింది. ఆ ఒక్క పూటకని పసుపు అనుకుంది. రెండో రోజూ అనుకుంది. వారం తిరిగేసరికి అసలు మాట ఎక్కడో అడుగున పడిపోయింది.

ఇలా చేయడం ఇదే మొదటిసారి కాదని కూడా అప్పుడే తట్టింది. పదకొండేళ్ల కింద, వేరే ఆఫీసులో, ఫినాయిల్ డబ్బాలు పెట్టే గదిలో, ఫ్లోర్ మేనేజర్ ఆమె వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. ఇంటికొచ్చి భాస్కర్‌తో “వాని చెయ్యి తగిలింది” అని చెప్పింది. అంతకంటే నోరు రాలేదు. “ఇరుకు జాగల తగులుతది తియ్. కెమెరా గిట్ల ఏమన్న ఉండెనా? లేదు గద. ఇంకో ఆఫీసు చూసుకో” అన్నాడతను. చూసుకుంది. తగిలిందని అనీ అనీ, అలాగే జరిగిందేమోనని తానూ సగం నమ్మింది. హర్షిణి సంగతి అత్తకు చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా “ఆఫీసుల జర పరేషాన్ ఉందట” అంది. చెడ్డ మాటకు బదులు మంచి మాట పెట్టి, ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడకుండా, ఎవరి అన్నమూ చేదు కాకుండా సర్దుతూ వచ్చింది. ఇది కూడా ఇంటి పనే, ఎవరూ చూడని పని. దానివల్ల హాయిగా నిద్రపోయింది మాత్రం ఆ గదిలో చేయి వేసినవాడే.

ఇప్పుడు నోరు మూసుకున్నా ఎవరికీ తెలియదు. సీసా, పేపర్లో ఫోటో, దారి కాసే మనిషి, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

“నాలుగోది బూడిద,” అంది రేణుక, అందరికీ వినబడేటట్టు.

“దీపం పెట్టే ఇంట్ల ఏం మాటే అది?” అంది సక్కుబాయి.

రేణుక మొదటినుంచి నొక్కుకుంటూ వచ్చింది. ఈసారి ఎరుపు రాలేదు. తెర మీద ఒక పొడుగాటి అంకెల వరుస విచ్చుకుంది. హర్షిణి దాన్ని ఎక్కడో అతికించింది, ఫోల్డర్లు ఒక్కొక్కటే దిగాయి. భాస్కర్ చేయి భుజం మీది నుంచి జారిపోయింది.

హర్షిణి వాటన్నిటినీ జతచేసి, కమిటీకి పంపే కాగితం రాయడం మొదలుపెట్టింది. రాస్తూ తల్లికి తెలుగులో చెప్పింది. “‘లిఫ్టులో నాతో అనుచితంగా ప్రవర్తించారు’ అని పెడుతున్న.”

“లిఫ్టుల వాడు ఏం జేసిండో నాకు జెప్పినవు గద. గట్లనే రాయి.”

“అట్ల రాస్తే బాగుండదమ్మా. అందరు చదువుతరు.”

“చదవనియ్యి. బాగలేని పనికి బాగున్న పేరెందుకు?”

హర్షిణి ఒక వాక్యం కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పైకి చదవలేదు. వేళ్లు రెండు మూడుసార్లు ఆగి, మళ్లీ కదిలాయి.

భాస్కర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “రేపు ఏమైతదో ఎర్కేనా నీకు? కుక్కర్ కూతకే ఉలిక్కిపడేదానివి. భయమైతలేదా?”

“అయితుంది,” అంది రేణుక. కూతురి పక్కనే కూర్చుని, భర్త ముఖంలోకి చూస్తూ అంది. “ఏమయ్యా, నువ్వు గూడ ఒకటి ఇను. ఆ ఫినాయిల్ రూముల వాని చెయ్యి నాకు తగలలే. వాడు తలుపేసి మరీ వేసిండు.”