రాగి చేలో ఏనుగులు

అమరావతి తోటలో టమోటా ఎర్రగా పండి ఉంది. రెండు రోజుల్లో కోయకపోతే మదనపల్లె మార్కెట్టుకు పనికిరాదు. కానీ పక్క ఊరి నుంచి ఆటోలో రావలసిన కూలీలు ఆ పొద్దున రాలేదు. వాళ్ళను తీసుకొచ్చే చంద్రికకు ఫోన్ చేస్తే, పేపరు చూసుకో అంది.

పేపరు తెరిస్తే కుప్పం వార్తల్లో కారణం కనిపించింది. అమరావతి వాళ్ళ ఊళ్ళోకి నిన్న ఏనుగులు దిగాయట. కింద రాగి చేలో మూడు ఏనుగుల ఫోటో.

అమరావతికి భయం వేయలేదు, నవ్వొచ్చింది. చేను తమ ఊరి మునిస్వామిదే, వెనకున్న పెద్ద రాతి గుండూ అదే. కానీ ఫోటోలో చేను నిండా కంకులున్నాయి. రాగి కోసి నాలుగు నెలలైంది. ఇప్పుడక్కడ మేకలు మేస్తున్నాయి. అవి పోయిన పంటప్పుడు వచ్చిన ఏనుగులు.

ఆమె పేపరు పట్టుకుని నేరుగా ఆ చేలోకి నడిచింది. ఒక చేత్తో పేపరు ఎత్తి చూపిస్తూ, ఇంకో చేత్తో ఫోన్‌లో వీడియో తీసింది. "ఇది ఈపొద్దు పేపరు. ఇది మునిస్వామన్న చేను. కంకి యాడుండాదో మీరే సూడండి. ఏనుగు అడుగు ల్యా, లద్దె ల్యా."

ఊరి గ్రూపులో పెట్టిన ఆ వీడియో మధ్యాహ్నానికి పుంగనూరులో ఉన్న ఆమె చెల్లెలి దాకా పోయింది. ఆ తర్వాత ఆ వార్త రాసిన కుప్పం విలేకరి నాగరాజు ఫోన్ చేశాడు. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నానని, ఫోన్ ఉన్న ప్రతివాళ్ళూ విలేకరులైపోయారని కోప్పడ్డాడు. ఆమె అంతా విని, బండేసుకుని రమ్మంది.

వచ్చాడు. చేనంతా తిరిగాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ సగం తాగాక, ఆ ఫోటో ఏదో గ్రూపులో వచ్చిందని, తాను ఇటు రాకుండానే రాశానని ఒప్పుకున్నాడు.

"పరువు పోయిందక్కా."

"నీ పరువు రేపు పేపర్లో తిరిగొస్తాది. నా టమోటా రాదప్పా. ఉండేది ఉన్నట్టు రాయి."

రాశాడు. మర్నాడు తెల్లవారే సరికి పేపర్లో బోడి చేను ఫోటో, కింద అమరావతి పేరు, నిన్నటిది పాత ఫోటో అని రెండు వాక్యాలు. ఎనిమిదింటికల్లా చంద్రిక ఆటో తోట గట్టున ఆగింది.

"ఏమక్కా, పేపర్లో పడినావు. ఇంక మాతో కూడా వంగి కోస్తావా?"

అమరావతి ఆమె చేతికి బక్కెట్టు అందించింది. రెండో సాలులో ఉండగా నాగరాజు మళ్ళీ ఫోన్ చేశాడు. అవతలి ఊళ్ళో ఏనుగులున్నాయంటున్నారు, నిజమేనా అని అడిగాడు.

"నేను సూడలేదప్పా. ఆడ సుష్మ అని ఉండాది, నెంబరిస్తా. ఆ పిల్ల పోయి సూసొచ్చినాక రాయి."

ఫోన్ నడుముకు దోపుకుని, నిండిన పెట్టెను చంద్రికతో కలిసి గట్టు మీదికి చేర్చింది. లారీ వచ్చేలోపు ఇంకా చాలా సాళ్ళున్నాయి.