వెనక వచ్చేవారికి గేటు

మామగారు డెస్మండ్ మార్చిలో పోయాక ఆయన ఆదివారం నడకకి ఇంట్లో ఎవరం వెళ్ళలేదు. నవంబరులో ఒక ఆదివారం, భోజనాలు కాగానే, అత్తయ్య బెరిల్ ప్లేట్లు తీయకుండానే రబ్బరు బూట్లు తొడుక్కుంది.

"బటన్‌ని తీసుకుని కొండ మీదికి పోయొస్తా. వస్తే రండి, లేకపోతే గిన్నెలు తోమండి."

"గిన్నెల కంటే కొండే నయం," అంటూ మా ఆయన ఇయన్ లేచాడు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి హాటీ అప్పటికే గుమ్మంలో ఉంది.

బటన్ మామగారి కుక్క. పిల్లి కంటే కాస్త పెద్దది, గోధుమరంగు టెర్రియర్. ఆయన పోయాక అత్తయ్య మంచం మీదే, ఆయన వైపునే పడుకుంటోంది.

దారి పొడవునా గొర్రెల బీళ్ళు, వాటి మధ్య రాతి గోడలు, నాలుగు చోట్ల చెక్క గేట్లు. నాలుగూ దాటి పైకి చేరేసరికి పొగమంచు కమ్మేసింది. ఫ్లాస్కులో టీ సగం తాగి వెనక్కి తిరిగాం.

దిగేటప్పుడు మొదటి గేటు దగ్గర అందరికంటే వెనక నేనున్నాను. బురదలో బూట్ల చప్పుడు వినిపించింది. తొందరేమీ లేని నడక. వెనక మనిషి వస్తున్నాడని తెలిస్తే గేటు పట్టుకుని నిలబడతాం. మొహం మీద వేయడం మా వైపు తిట్టుతో సమానం. నేనూ నిలబడ్డాను.

అడుగులు దగ్గరికొచ్చాయి. మనిషి కనబడలేదు. నా భుజం పక్క నుంచి తడిసిన ఉన్ని వాసన దాటిపోయింది. ఇవతలి గడ్డి అణిగింది. "పర్లేదండీ, రండి," అన్నాను, అలవాటుగా. తర్వాతే అక్కడ ఎవరూ లేరన్నది బుర్రకెక్కింది.

గేటు వేసి మా వాళ్ళని అందుకున్నాను. ఇప్పుడు ఆ అడుగులు మా వెనకే వస్తున్నాయి.

"గొర్రె అయ్యుంటుంది," అన్నాడు ఇయన్.

"గొర్రెలు బూట్లేసుకుంటాయా నాన్నా?"

అత్తయ్య ఆగి విన్నది. ఎనిమిది నెలలుగా ఎండిపోయిన ముఖంలోకి రంగు వచ్చింది.

"డెస్మండ్ ఎప్పుడూ ఆఖరునే నడిచేవాడు. గేట్లన్నీ తనే వేసేవాడు." రెండో గేటు తనే తీసి పట్టుకుంది. "రా డెస్, నింపాదిగా రా. జారుతుంది."

"అమ్మా, చాల్లే," అన్నాడు ఇయన్.

మూడో గేటు దగ్గరా అంతే. అది దాటాక అడుగులు అత్తయ్య పక్కనే పడుతున్నాయి. ఆమె ఈ ఏడు ఆపిల్ చెట్టు కాయలేదనీ, పక్కింటివాళ్ళు కంచె మార్చారనీ చెబుతూ నడుస్తోంది. బటన్ మొరగలేదు. తోక కడుపు కిందికి ముడుచుకుని, పళ్ళు బయటపెట్టి, నేలకి అంటుకుపోయింది. హాటీ ఎత్తుకుంటే ఆ పిల్ల కోటు మీదే ఉచ్చ పోసింది.

"అత్తయ్యా, బటన్‌ని చూడండి. మామయ్యని చూసి అది ఎప్పుడైనా ఇలా చేసిందా?"

"ఎనిమిది నెలలైంది కదా. మర్చిపోయుంటుంది."

"ఆయన చెప్పులు ఇప్పటికీ నోట కరుచుకుని ఇల్లంతా తిరుగుతోంది. మర్చిపోయిందంటారా?"



ఆఖరి గేటు అవతల రోడ్డు, రోడ్డు చివర మా ఇల్లు. ఇయన్, హాటీ దాటారు. నేను అత్తయ్య మోచేయి పట్టి రోడ్డు మీదికి లాగాను. ఆమె గేటు మాత్రం వదల్లేదు. అడుగులు గేటుకి కొండ వైపున ఆగాయి.

"వేసెయ్యండి అత్తయ్యా."

"మొహం మీదా? నీకు ఆపాటి మర్యాద కూడా లేదా రోవెనా?"

"మొదట రానిచ్చింది నేనే, తప్పు నాది. ఈ గేటు దాటితే ఇక ఇల్లే. రాత్రికి మీ పక్కన పడుకునేది ఎవరో మీకు తెలుసా?"

ఆమె మంచులోకి చూస్తూ, "డెస్? నువ్వేనా? ఒక్క మాట మాట్లాడు," అంది.

మాట రాలేదు. ఈల వచ్చింది. మామగారు బటన్‌నీ, అంతకు ముందు పెంచిన కుక్కల్నీ పిలిచిన ఈల. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఆ పొడుగు కూత ఎక్కడ ఆపాలో తెలియనట్టు సాగుతూనే పోయింది. బటన్ హాటీ చంకలో మూతి దాచుకుంది.

అత్తయ్య ఆ ఈల యాభై ఏళ్ళు విన్న మనిషి. ఆమె ముఖంలో రంగు నెమ్మదిగా దిగిపోవడం చూశాను. ఒళ్ళంతా ఆనించి గేటు నెట్టింది. గడియ పడింది.

"క్షమించండి," అంది, దారిలో ఎదురైన కొత్త మనిషితో అన్నట్టు. "మీరు ఇటు రాకూడదు."

హాటీ చేతిలోంచి బటన్ తాడు తీసుకుని గేటుకీ స్తంభానికీ చుట్టింది. మూడు ముళ్ళు వేసింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుంది. నా పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఇరవై అడుగులు నడిచామో లేదో, వెనక ఈల మళ్ళీ వినిపించింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఈసారి ఆపాల్సిన చోటే ఆగింది.

బటన్ తలెత్తింది. అత్తయ్య వెనక్కి తిరగలేదు. నా వేళ్ళు మాత్రం విరిగేలా నొక్కింది.